బయట తిరిగే కుక్కకు, పిల్లికి బీమా: పాలసీ కాగితంలో ఎక్కడ చూడాలి

వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో యజమాని వెంట నడిచే లాబ్రడార్, విశాఖ బీచ్‌లో పొద్దున్నే అలల్లోకి దూకే గోల్డెన్ రిట్రీవర్, మామిడి తోటలో రాత్రంతా తిరిగే నాటు కుక్క, గోడల మీదుగా వీధంతా చుట్టొచ్చే పిల్లి. వీటికి బీమా తీసుకోబోతే అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు: జాతి ఏమిటి, వయసెంత, ధర ఎంత, టీకాలు వేయించారా. రోజుకు ఎంతసేపు బయట ఉంటుంది, గొలుసు ఉంటుందా లేదా అన్నది ప్రపోజల్ ఫారంలో చాలాసార్లు ఉండనే ఉండదు. క్లెయిమ్ పెట్టిన రోజు మాత్రం ముందుగా వచ్చే ప్రశ్న అదే.

కొనేవాళ్లు ప్రీమియం, బీమా మొత్తం పోల్చి చూసుకుంటారు. ఇల్లు దాటని జంతువుకు అది చాలా వరకు సరిపోతుంది. బయట తిరిగే జంతువుకు డబ్బు వస్తుందా రాదా అన్నది తేల్చేవి మాత్రం వేరే మూడు. ‘ఆస్పత్రిలో చేర్చడం’ అనే మాటకు పాలసీ ఇచ్చిన అర్థం ఒకటి. టీకా పుస్తకంలోని తేదీలు రెండోది. మనిషి చేతిలో లేకుండా తిరుగుతున్నప్పుడు జరిగిన దాని మీద పెట్టిన షరతు మూడోది. ఈ మూడూ ప్రకటన కరపత్రంలో కనపడవు, పాలసీ పూర్తి పాఠంలోనే ఉంటాయి. అందుకే కొనక ముందే పూర్తి పాఠం పీడీఎఫ్ తెప్పించుకోవాలి.

మన దేశంలో పెంపుడు కుక్కల బీమా పాడి పశువుల బీమా చూరు కిందే పెరిగింది. ఆవుకో గేదెకో మార్కెట్ ధర కట్టి, అది చనిపోతే ఆ ధర చెల్లించడం ఆ పద్ధతి. పాత తరహా పాలసీలు కుక్కనూ అలాగే చూస్తాయి: కొన్న ధరే బీమా మొత్తం, చావుకే చెల్లింపు. ఇరవై వేలకు కొన్న కుక్క కాలు విరిగి, ఆపరేషన్‌కు అంతకు మూడింతలు ఖర్చయినా ఆ పాలసీ కింద రూపాయి రాదు. దత్తత తెచ్చుకున్న నాటు కుక్కకైతే కొన్న రసీదే ఉండదు కాబట్టి ధర కట్టడం దగ్గరే బండి ఆగిపోతుంది. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలు వైద్య ఖర్చు, ఆపరేషన్, మూడో వ్యక్తికి (అంటే బయటివాళ్లకు) నష్టం, తప్పిపోవడం, దొంగతనం లాంటివి విడివిడి భాగాలుగా తెచ్చాయి. ఒక్కో భాగానికి ఒక్కో పరిమితి ఉంటుంది. ‘రెండు లక్షల కవరేజీ’ అని రాసి ఉన్న పాలసీలో వైద్యం వాటా నలభై వేలే ఉండొచ్చు. చూడాల్సింది మొత్తం అంకె కాదు, వైద్యం భాగం ఎదురుగా ఉన్న అంకె.

గోమారి జ్వరం దగ్గర ఏం జరుగుతుంది

తెలుగు రాష్ట్రాల్లో గడ్డిలో, పొదల్లో తిరిగే కుక్కకు ఖర్చు తెచ్చిపెట్టేవాటిలో ముందు వరసలో ఉండేది రోడ్డు ప్రమాదం అనుకుంటారు. కానీ గోమార్లు, కొన్నిచోట్ల పిడుదులు అంటారు, అవి తెచ్చే జ్వరాలకూ అదే వరసలో చోటివ్వాలి. ఎర్లీకియా, బాబీసియా అనే రెండు రకాల క్రిములు వీటి కాటుతో రక్తంలోకి వెళతాయి. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ముక్కు వెంట రక్తం కారొచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఎర్లీకియాకు సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడతారు, మధ్యమధ్య రక్త పరీక్షలు ఉంటాయి. మొదటి నాలుగైదు రోజులు సెలైన్ పెట్టాల్సి రావొచ్చు.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ సెలైన్ కోసం పొద్దున క్లినిక్‌కు తీసుకెళ్లి, మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చేస్తారు. చాలా ఊళ్లలో కుక్కను రాత్రి ఉంచుకునే సౌకర్యమే ఉండదు. పాలసీలో ‘ఆస్పత్రిలో చేర్చడం అంటే కనీసం 24 గంటలు’ అని రాసి ఉంటే, ఐదు రోజులు తిరిగిన ఆ వైద్యమంతా ఓపీడీ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) కిందికి పోతుంది. ఓపీడీ భాగం విడిగా తీసుకోకపోతే క్లెయిమే లేదు. పైగా పరీక్షలు, నెల రోజుల మాత్రలు కూడా అటే పోతాయి. కాబట్టి బయట తిరిగే కుక్కకు ఓపీడీ భాగమో, ‘డే కేర్ వైద్యం (రాత్రి ఉంచకుండా అదే రోజు ఇంటికి పంపేది) చెల్లిస్తాం’ అని రాసిన వాక్యమో ఉన్న పాలసీయే పనికొస్తుంది. రెండూ లేని పాలసీ ప్రీమియం సగానికి వచ్చినా తీసుకోకపోవడమే మంచిది.

రెండో చిక్కు తేదీలది. పాలసీ మొదలైన రోజు నుంచి 15 లేదా 30 రోజులు జబ్బులకు డబ్బు ఇవ్వని గడువు (వెయిటింగ్ పీరియడ్) పెట్టడం మామూలు. గోమారి కాటు పడ్డాక ఎర్లీకియా 8 నుంచి 20 రోజుల్లో బయటపడుతుంది. గడువు ముగిసిన రెండో రోజు జ్వరం కనిపిస్తే, జబ్బు ముందే ఉందని కంపెనీ వాదించే వీలుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎర్లీకియా కోసం క్లినిక్‌లో చేసే చిన్న కిట్ పరీక్ష క్రిమిని కాదు, దాని మీద పోరాడేందుకు ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టుకుంటుంది. జబ్బు నయమైన తర్వాత కూడా నెలల తరబడి అది పాజిటివ్ చూపించగలదు. పోయినేడు జ్వరం వచ్చి తగ్గిన కుక్కకు ఈ ఏడాది కొత్తగా కాటు పడినా, ఆ పాత పాజిటివ్ చూపించి ‘ముందే ఉన్న జబ్బు’ అనొచ్చు. దీనికి విరుగుడు పాలసీ తీసుకునే వారంలోనే పూర్తి రక్త పరీక్ష చేయించి పెట్టుకోవడం. ప్లేట్‌లెట్ల సంఖ్య, హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నట్టు తేదీతో ల్యాబ్ కాగితం ఉండాలి. పాత జబ్బు చరిత్ర ఉన్న కుక్కకైతే క్రిమి జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష నెగెటివ్ కాగితం ఇంకా గట్టిది. చరిత్ర మాత్రం దాచకూడదు. దాచినట్టు తేలితే ఆ ఒక్క క్లెయిమే కాదు, పాలసీయే చెల్లకుండా పోతుంది.

టీకా పుస్తకం

క్లెయిమ్ తిరస్కరణల్లో ఎంతో బాధ కలిగించేది ఈ పుస్తకం వల్ల వచ్చేదే. కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నాలుగు వారాల ఎడంతో మరికొన్ని, పన్నెండు వారాలకు రేబీస్, ఆ తర్వాత ఏటా బూస్టర్లు. పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరా లాంటి టీకా ఉన్న జబ్బులకు, ఆ టీకా గడువు దాటి ఉంటే డబ్బు ఇవ్వబోమని పాలసీల్లో ఉంటుంది. వర్షాకాలం మురుగు నీళ్లలో, చెరువు గట్ల మీద తిరిగే కుక్కకు లెప్టో ముప్పు నిజంగానే ఎక్కువ. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి అది వస్తుంది, కిడ్నీలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. బూస్టర్ మేలో వేయించాల్సింది జూలైకి జరిగి, జూన్‌లో జబ్బు వస్తే ఆ క్లెయిమ్ పోయినట్టే.

పుస్తకంలో ఒక్క పేజీ తీసి చూడండి. టీకా సీసా మీద నుంచి ఒలిచి అంటించిన స్టిక్కర్ ఉండాలి, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదవగలిగేలా ఉండాలి. పక్కన వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ, డాక్టర్ సంతకం, ముద్ర, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. చాలా పుస్తకాల్లో స్టిక్కరు ఉంటుంది, ముద్ర ఉండదు. లేదా ముద్ర ఉంటుంది, అందులో రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు. టీకా వేయించిన రోజే అక్కడే నిలబడి రాయించుకుంటే రెండు నిమిషాల పని. ఆరు నెలల తర్వాత, డాక్టర్ వేరే ఊరికి బదిలీ అయ్యాక వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు. గోమార్లకు ఇచ్చే నమిలే మాత్రల రసీదులు కూడా ఇదే పుస్తకంలో పిన్ చేసి ఉంచితే, జాగ్రత్త తీసుకోలేదన్న మాట రాకుండా ఉంటుంది.

మైక్రోచిప్ విషయం పొట్టిగా: 15 అంకెల నంబరున్న చిప్ వేయించి, ఆ నంబరును పాలసీ షెడ్యూల్‌లో (జంతువు వివరాలు ఉండే పేజీలో) రాయించాలి. క్లెయిమ్‌లో ‘ఈ కుక్క ఆ కుక్కేనా’ అన్న అనుమానాన్ని అది తేలిగ్గా తీర్చగలదు. ఒకే రంగు నాటు కుక్కలు రెండున్న ఇంట్లో ఇది మరీ అవసరం.

పాము కాటు, విషం

తోటల్లో, పొలం గట్ల మీద, ఊరి చివరి వెంచర్లలో తిరిగే కుక్కలకు పాము కాటు తరచూ పడుతుంది. ముట్టె మీదో ముందు కాలి మీదో కరుస్తుంది, ఎందుకంటే కుక్క వాసన చూడబోతుంది. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటి విషానికీ కలిపి చేసింది. పాము ఎక్కించే విషం కుక్క బరువు చూసి తగ్గదు, కాబట్టి చిన్న కుక్కకు చిన్న మోతాదు అన్న లెక్క విరుగుడు మందుకు పనిచేయదు. సీసాల మీద సీసాలు ఎక్కించాల్సి రావొచ్చు. రక్తపింజరి కాటైతే రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందా లేదా చూసే పరీక్షను డాక్టర్లు మళ్లీ మళ్లీ చేస్తారు. ఈ ఖర్చంతా ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి పడుతుంది, బీమా నిజంగా ఆదుకోవాల్సిన చోటు ఇది.

పాలసీలో ‘ప్రమాదం’ అన్న మాట నిర్వచనం చదివి, అందులో పాము కాటు, ఇతర జంతువుల కాటు, విషం తినడం, నీట మునగడం, వడదెబ్బ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ పెన్నుతో టిక్కు పెట్టుకోవాలి. వడదెబ్బను కొందరు జబ్బు కింద, కొందరు ప్రమాదం కింద లెక్కిస్తారు. ప్రమాదాలకు వెయిటింగ్ పీరియడ్ తక్కువో అసలు లేకపోవడమో ఉంటుంది కాబట్టి ఈ తేడాకు డబ్బు విలువ ఉంది. ఏప్రిల్‌లో పాలసీ తీసుకుని మే ఎండలో పగ్ జాతి కుక్కను పరుగెత్తిస్తే ఆ తేడా వెంటనే తెలిసొస్తుంది.

ఎలుకల మందు తిన్న కుక్క వెంటనే పడిపోదు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకమైతే రెండు నుంచి ఐదు రోజుల తర్వాతే లక్షణాలు కనిపిస్తాయి, విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వాలి. ‘ఘటన జరిగిన 24 గంటల్లో తెలపాలి’ అనే షరతు ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. సమాచారం ఇచ్చేటప్పుడు ‘లక్షణాలు కనిపించిన తేదీ’ అని స్పష్టంగా రాయాలి, తిన్న తేదీని ఊహించి రాయకూడదు.

మోకాలు

పరుగులు, గెంతులు ఎక్కువున్న పెద్ద కుక్కల్లో వెనక కాలి మోకాలి లిగమెంట్ తెగడం మామూలు. ఒక కాలికి తెగిన కుక్కల్లో దాదాపు సగానికి కొన్నాళ్లకు రెండో కాలికీ తెగుతుంది. అందుకే కొన్ని పాలసీల్లో ఒక కాలికి ముందే సమస్య ఉంటే రెండో కాలిని కూడా ‘ముందే ఉన్న జబ్బు’గా లెక్కించే వాక్యం ఉంటుంది. దీన్నీ, జన్యుపరమైన జబ్బుల మినహాయింపునీ కలిపి చదవాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు లోపాన్ని వంశపారంపర్యం కింద తోసేస్తారు.

ప్రిస్క్రిప్షన్‌లో ఒక్క వాక్యం ఇక్కడ క్లెయిమ్‌ను నిలబెడుతుంది, పడగొడుతుంది. ‘ఎప్పటి నుంచి కుంటుతోంది?’ అని డాక్టర్ అడుగుతారు. ‘ఎప్పుడూ కాస్త కుంటుతూనే ఉంటుందండీ’ అని అలవాటుగా అనేస్తే, ఆయన ‘చాలా కాలంగా అప్పుడప్పుడు కుంటు’ అని రాస్తారు. అంతే, జబ్బు పాలసీ కన్నా పాతదైపోతుంది. అబద్ధం చెప్పమని కాదు. సరిగ్గా ఏ రోజు, ఏం చేస్తుండగా, ఏ కాలు అన్నది గుర్తుపెట్టుకుని అంతే చెప్పాలి. రాసిన కాగితాన్ని క్లినిక్ గడప దాటక ముందే చదువుకోవాలి.

లెక్క ఎలా వేస్తారు

బిల్లు 60,000 అనుకుందాం. ఆపరేషన్ పరిమితి 40,000, యజమాని మొదట భరించాల్సిన డిడక్టిబుల్ 5,000, ఆపైన కో-పే (మిగతాదాంట్లో యజమాని వాటా) 20 శాతం. బిల్లులోంచి డిడక్టిబుల్ తీసేస్తే 55,000, అందులో 20 శాతం తీసేస్తే 44,000, పరిమితి 40,000 కాబట్టి చేతికి 40,000 వస్తుంది. అదే ముందుగా పరిమితి పెట్టి, తర్వాత కోతలు మొదలుపెడితే 40,000లోంచి 5,000 పోయి 35,000, అందులో 20 శాతం పోయి 28,000. అవే అంకెలు, వరస మారినందుకు 12,000 తేడా. ఏ వరసలో లెక్కిస్తారో కొనేముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోవాలి. ఫోన్‌లో ఏజెంట్ చెప్పిన మాట తర్వాత ఎందుకూ కొరగాదు.

డిడక్టిబుల్ ఏడాదికి ఒకసారా, ప్రతి క్లెయిమ్‌కా అన్నది మరో ప్రశ్న. బయట తిరిగే కుక్కకు చిన్న గాయాలు ఏడాదిలో నాలుగైదు సార్లు అవుతాయి. ప్రతిసారీ 5,000 తీసేసే పాలసీలో ఆ చిన్న గాయాలన్నీ సొంత జేబులోంచే.

పిల్లి

పిల్లులకు మన దగ్గర పాలసీలు తక్కువ, ఉన్నవాటిలో షరతులు ఎక్కువ. బయటికి వెళ్లే పిల్లికి ప్రధాన ఖర్చు పోట్లాటల్లో వచ్చే చీము గడ్డలు. కాటు పడిన రోజు చిన్న రంధ్రమే కనిపిస్తుంది, రెండు నాలుగు రోజులకు గడ్డ కట్టి జ్వరం వస్తుంది. దీన్ని మత్తిచ్చి కోసి కడిగి, అదే రోజు ఇంటికి పంపుతారు, అంటే మళ్లీ డే కేర్ ప్రశ్నే. అపార్ట్‌మెంట్ బాల్కనీల నుంచి పడిపోవడం ఇంకో పెద్ద కారణం. వల కట్టని బాల్కనీని నిర్లక్ష్యం అంటారా అని అడిగి తెలుసుకోవాలి. కుక్కల గోమార్ల మందులో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం, పారాసిటమాల్ కూడా అంతే. యజమాని సొంతంగా వేసిన మందు వల్ల వచ్చిన హానికి బీమా వర్తించదు. తప్పిపోవడం భాగాన్ని పిల్లికి నమ్ముకోకూడదు. గోడ దూకి వెళ్లడం దాని స్వభావం కాబట్టి, ఆ క్లెయిమ్ నిరూపించడం చాలా కష్టం.

మూడో వ్యక్తికి నష్టం

పార్కులో వదిలిన కుక్క పరుగెత్తి స్కూటర్‌కు అడ్డం పడితే, పడ్డవాళ్ల ఆస్పత్రి ఖర్చు యజమాని మీదికి వస్తుంది. జంతువును అదుపులో ఉంచడంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. జరిమానాను బీమా కట్టదు, నష్టపరిహారాన్నే కడుతుంది. అదీ చట్టపరంగా బాధ్యత తేలినప్పుడే. అక్కడికక్కడ ‘తప్పు మాదే, ఖర్చంతా ఇస్తాం’ అని రాసిచ్చేస్తే, కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకున్నారన్న కారణంతో క్లెయిమ్ ఆగిపోతుంది. గాయపడినవాళ్లను వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అందులో రెండో మాట లేదు. కాగితం మీద మాత్రం కంపెనీకి చెప్పకుండా ఏదీ రాయకూడదు. ఇంకోటి, గొలుసు లేకుండా బహిరంగ స్థలంలో వదిలితే ఈ భాగం వర్తించదని కొన్ని పాలసీల్లో ఉంటుంది. ట్రెక్కింగ్‌కు తీసుకెళ్లేవాళ్లు పది మీటర్ల పొడవు తాడు వాడితే కుక్కకు స్వేచ్ఛా ఉంటుంది, షరతూ నిలుస్తుంది.

క్లెయిమ్ రోజున

మన దగ్గర వైద్యానికి ముందు సొంత డబ్బు కట్టి, తర్వాత తిరిగి తీసుకోవడమే ఎక్కువ. కాబట్టి పాలసీ ఉన్నా చేతిలో అత్యవసర డబ్బు ఉండాల్సిందే. గాయం ఫొటో తీసేటప్పుడు ఒక్క ఫొటోలోనైనా కుక్క ముఖం, గాయం రెండూ కనిపించాలి. చిప్ స్కానర్ తెర మీద నంబరు కనిపించేలా మరో ఫొటో. బిల్లులో మందులు, పరీక్షలు, డాక్టర్ ఫీజు విడివిడిగా ఉండాలి, ‘వైద్యం 60,000’ అని ఒకే గీతలో రాసిన బిల్లు వెనక్కి వస్తుంది. కుక్క చనిపోతే పోస్టుమార్టం నివేదిక అడిగే పాలసీలున్నాయి. ఆ దుఃఖంలో వెంటనే పూడ్చిపెట్టేయడం సహజమే, కానీ పూడ్చాక ఆ కాగితం తెచ్చే దారి లేదు.

జనరల్ ఇన్సూరెన్స్ మీద బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. తిరస్కరణ లేఖలో ఏ నిబంధన కింద అన్నది అడగాలి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సబబుగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

అమెరికాలో ఉంటూ కుక్కను హైకింగ్‌కు తీసుకెళ్లే తెలుగువాళ్లకు లెక్క కొంచెం వేరు. అక్కడ బిల్లులో 70, 80, 90 శాతం తిరిగిచ్చే పద్ధతి, ఏడాది డిడక్టిబుల్ మామూలు. అక్కడి రాష్ట్రాల బీమా కమిషనర్ల సంఘం 2022లో ఆమోదించిన నమూనా చట్టం ప్రకారం ప్రమాదాలకు వెయిటింగ్ పీరియడ్ ఉండకూడదు. జబ్బులకూ, ప్రమాదం వల్ల కాని కీళ్ల సమస్యలకూ 30 రోజులకు మించకూడదు, వైద్య పరీక్ష చేయించుకుంటే ఆ గడువు ఎత్తేసే వీలుండాలి. జబ్బు ముందే ఉందని నిరూపించే భారం కూడా కంపెనీదే. అయితే ఆ చట్టాన్ని తీసుకున్న రాష్ట్రాల్లోనే ఇవి వర్తిస్తాయి, తీసుకోని చోట మోకాలి లిగమెంట్‌కు నెలల గడువు పెట్టే పాలసీలు కనిపిస్తాయి.

ఎవరు కొనకూడదు అన్నదీ చెప్పాలి. పాలసీలో చేరే వయసు దాటబోతున్న పెద్ద జాతి కుక్కకు, 24 గంటల షరతుతో మాత్రమే దొరికే పాలసీకి కట్టే ప్రీమియం ప్రతి నెలా విడి ఖాతాలో వేసుకుంటేనే మేలు. ఏడాది రెండేళ్ల కుక్క, వారానికి మూడు నాలుగు రోజులు పొలంలోనో కొండల్లోనో తిరిగేదైతే, డే కేర్ వైద్యం, పాము కాటు రెండూ స్పష్టంగా రాసి ఉన్న పాలసీ తీసుకుని, ఏటా గడువుకు వారం ముందే రెన్యూ చేయాలి. ఒక్క రోజు తెగినా కొత్త పాలసీగా లెక్కించి, వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు. అప్పటిదాకా వచ్చిన జబ్బులన్నీ ‘ముందే ఉన్నవి’ అయిపోతాయి.